జానెడు దూరంలో మైకు

గౌహర్ జాన్ పేరు మీరు వినే వుంటారు. 1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే గ్రామఫోన్ కంపెనీ మనిషి రికార్డు చేసిన గాయని. పాట పూర్తికాగానే తన పేరు ఇంగ్లీషులో తానే చెప్పుకునేది. గొప్ప కోసం కాదు. రికార్డులు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియాలి కదా!

అప్పటికి రికార్డింగుకి మైకు లేదు. పెద్ద బాకాలాంటి గొట్టంలోకి మొహం పెట్టి గొంతెత్తి పాడాలి. ఆ ధ్వని బలానికే సూది కదిలి మైనప్పళ్ళెం మీద గీత పడాలి. దంపుడు పాటలూ, జోలపాటలూ లోగొంతుకతో పాడుకునే ఇల్లాళ్ళకి ఆ గొట్టం ముందు చోటెక్కడిది? తొలినాటి రికార్డుల్లో ఆడగొంతులు చాలావరకు వృత్తిగాయనులవే. సంసారిస్త్రీ నలుగురిలో పాడకూడదన్న కట్టుబాటు ఒకవైపు, ఈ గొట్టం ఒకవైపు.

1925లో కరెంటు రికార్డింగు వచ్చింది. మైకు మెల్లని గొంతునీ వినగలిగింది. కానీ స్టూడియో గడప దాటాలంటే బండెడు సామాను! 1933లో అమెరికాలో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ జైళ్ళూ పల్లెలూ తిరిగి జానపదుల పాటలు రికార్డు చేశారు. వాళ్ళు కారు వెనకాల వేసుకు తిరిగిన యంత్రం బరువు 315 పౌన్లు. అంటే దాదాపు 143 కిలోలు.

ఆ బరువూ ఖరీదూ దించడానికి ఎందరో పాటుపడ్డారు గానీ, నాకు నచ్చిన కథ జేమ్స్ వెస్ట్‌ది. 1931లో వర్జీనియాలో పుట్టిన నల్లజాతి అబ్బాయి. ఫిజిక్స్ చదువుతానంటే ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. సైన్సులో డాక్టరేట్లు పుచ్చుకున్న నల్లవాళ్ళు పోస్టాఫీసులో పనిచెయ్యడం తండ్రి చూశాడు మరి. కుర్రాడు వినలేదు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్‌తో కలిసి ఎలెక్ట్రెట్ మైకు తయారుచేశాడు. అంతకుముందు నాణ్యమైన కండెన్సర్ మైకు పలకాలంటే దాని పొరకి బయటినుంచి ఎక్కువ వోల్టేజీ అందిస్తూ వుండాలి. వీళ్ళు పల్చని టెఫ్లాన్ పొరలోనే విద్యుత్తుని నిలవచేశారు, ఊరగాయ ముక్కకి ఉప్పు పట్టినట్టు! ఏళ్ళ తరబడి పోదు. ఇక చిన్న బ్యాటరీ చాలు. ఇప్పుడు ఫోన్ల లోపల సిలికాన్ మైకులు వచ్చాయిగానీ, కాలరుకి తగిలించే చవక మైకుల్లో ఎక్కువగా వుండేది ఆ ఎలెక్ట్రెటే.

అందుకని, పల్లెలో వున్న పెద్దమ్మగారి పాటలు పదిలపరచాలనుకునేవాళ్ళు ఖరీదు చూసి హడలిపోనక్కర్లేదు. కిందపడినా చెక్కుచెదరనిది కావాలంటే సభల్లో పట్టుకునే చేతిమైకే గట్టిది, నిజమే. కానీ అది మామూలు ఫోనుకి తిన్నగా అతకదు. పైగా అది చేతికిస్తే మన పెద్దమ్మ కాస్తా మీటింగులో అధ్యక్షురాలిలా బిగుసుకుపోతుంది! పమిటకి తగిలించే వైరు మైకు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతోంది. ఛార్జింగు బెడద లేదు. నోటికి జానెడు దూరంలో వుంటే చాలు. గొప్ప మైకుని బారెడు దూరాన పెడితే పాటకన్నా గదిలో చప్పుళ్ళే ఎక్కువ వినిపిస్తాయి. ముందు చెడేది వైరు, అందులోనూ ప్లగ్గు దగ్గర. అక్కడ గట్టిగా వుందో లేదో చూసి కొనండి. మీ ఫోనుకి గుండ్రటి రంధ్రం లేకపోతే దానికి సరిపోయే ప్లగ్గుందో లేదో కూడా.

ఫ్యాను ఆపండి. పాటయ్యాక, గౌహర్ జాన్‌లాగే, పెద్దమ్మగారి పేరు ఆవిడ నోటే చెప్పించండి. పుట్టింటి ఊరు కూడా. చాలా పాటలు అక్కణ్ణుంచే కదా వచ్చింది.