అజిన్‌కోర్ట్: విల్లు, బురద కలిసి గెలిచిన యుద్ధం

1415 అక్టోబరు 25 ఉదయం. ఉత్తర ఫ్రాన్స్‌లోని అజిన్‌కోర్ట్ గ్రామం చెంత, రాత్రంతా కురిసిన వానకు నానిన దుక్కి పొలంలో రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకవైపు ఆకలితోనూ వ్యాధితోనూ నీరసించిన ఇంగ్లండు సేన. మరోవైపు సంఖ్యలోనూ గుర్రాలలోనూ కవచ సంపదలోనూ దానిని మించిన ఫ్రెంచి సేన. పొద్దు వాలేసరికి ఫ్రాన్స్ సర్వసేనాని, ముగ్గురు డ్యూకులు, వేలాది యోధులు ఆ బురదలో విగతజీవులై పడి ఉన్నారు.

ఈ గెలుపును చాలామంది ఇంగ్లండు వారి పొడవైన విల్లుకే కట్టబెడతారు. అందులో సగమే సత్యం. ఆ విల్లు అంతగా పనిచేయడానికి ఆ నేల కావలసి వచ్చింది. శత్రువును ఆ నేల మీదికి రప్పించగల రాజు కూడా కావలసి వచ్చాడు.

ఆకలి నడక

ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీకి అప్పటికి 29 ఏళ్లు. ఫ్రెంచి సింహాసనం తన వంశానికి చెందుతుందన్న పాత వాదనతో ఆగస్టులో సముద్రం దాటి, హార్‌ఫ్లూర్ రేవు పట్టణాన్ని ముట్టడించాడు. సెప్టెంబరు 22న ఆ కోట లొంగిపోయింది. అయితే ఆ అయిదు వారాలలో శత్రువు కత్తి కంటే రక్తవిరేచనాల వ్యాధే అతని సేనను ఎక్కువగా దెబ్బతీసింది. ఎందరో చనిపోగా, మరెందరినో రోగులుగా స్వదేశానికి పంపవలసి వచ్చింది. సుమారు 1,200 మందిని కోట కాపలాకు ఉంచి, అక్టోబరు 8 ప్రాంతంలో మిగిలినవారితో హెన్రీ కాలే వైపు కదిలాడు. 1347 నుంచి ఆ పట్టణం ఇంగ్లండు చేతిలోనే ఉంది.

దాదాపు వారం రోజులకు సరిపడే తిండితో బయలుదేరారు. కానీ దారిలోని సోమ్ నది రేవులను ఫ్రెంచివారు ముందే కాపుకాశారు. గమ్యానికి దూరమవుతూ నది వెంట ఎగువకు నడిచి, అక్టోబరు 19న గానీ వారు ఆవలి ఒడ్డుకు చేరలేకపోయారు. అయిదు రోజుల తరువాత కాలే దారికి అడ్డంగా ఫ్రెంచి సేన కనబడింది.

ఎవరెందరు?

ఇంగ్లండు వైపు సుమారు 6,000 మంది, అందులో 5,000 మంది విలుకాండ్రని సంప్రదాయంగా చెప్పే లెక్క. ఫ్రెంచి బలాన్ని పాత వృత్తాంతకారులు ఒకరిని మించి మరొకరు పెంచుతూ పోయారు. చరిత్రకారిణి ఆన్ కర్రీ 2005లో ప్రచురించిన గ్రంథంలో, జీతాల పట్టీల ఆధారంగా, ఇంగ్లండు బలం 9,000కు దగ్గరగా, ఫ్రెంచి బలం సుమారు 12,000గా లెక్కకట్టారు. ఈ లెక్కను అందరూ అంగీకరించలేదు. ఏ లెక్క తీసుకున్నా ఇంగ్లండు వారు తక్కువే. అంతకన్నా ముఖ్యంగా, నిండు కవచం ధరించి దగ్గర నుంచి పోరాడే యోధులలో ఫ్రెంచి ఆధిక్యం చాలా ఎక్కువ. హెన్రీ సేనలో అత్యధికులు రోజుకు ఆరు పెన్నీల కూలికి కుదిరిన సామాన్య విలుకాండ్రు. కవచధారికి దక్కేది అందుకు రెట్టింపు.

యూ కొయ్యతో చేసిన ఆ విల్లు మనిషి ఎత్తు ఉండేది, ఇంకా పొడవుగానూ ఉండేది. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ నౌకలో ఇలాంటి విళ్లు బయటపడ్డాయి. వాటిలో చాలావాటిని పూర్తిగా లాగడానికి 45 కిలోలకు మించిన బలం కావాలని పరిశోధకుల అంచనా. బాల్యం నుంచి సాధన చేస్తే తప్ప ఒంటికి రాని పని అది. అందుకే 1363లో మూడవ ఎడ్వర్డ్ సెలవు దినాలలో విలువిద్య అభ్యసించాలని ఆజ్ఞాపించాడు. అజిన్‌కోర్ట్ తరువాత రెండేళ్లకు, బాణాల కోసం ప్రతి పెద్దబాతు నుంచి ఆరేసి ఈకలు సేకరించాలని హెన్రీ తన అధికారులకు ఉత్తర్వు పంపాడు.

విలుకాడి విలువను ఆ కాలంలో దక్కనులోనూ గుర్తించారు. అజిన్‌కోర్ట్ నాటికి విజయనగరాన్ని మొదటి దేవరాయలు ఏలుతున్నాడు. తరువాత వచ్చిన రెండవ దేవరాయలు, బహమనీల విజయాలకు వారి గుర్రాలూ విలుకాండ్రూ కారణమని తెలుసుకొని, ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకున్నాడనీ, తన సైనికులకు విలువిద్య నేర్పించాడనీ ఫిరిష్తా చరిత్ర చెబుతుంది.

రెండు అడవుల నడుమ

ఇక పొలం సంగతి. ఒక పక్క అజిన్‌కోర్ట్ అడవి, మరో పక్క ట్రామ్‌కూర్ అడవి. నడుమ వెడల్పు ఒక కిలోమీటరు కూడా లేదు. శీతాకాలపు గోధుమ కోసం అప్పుడే లోతుగా దున్నిన నేల. వాన వెలిసిన నల్లరేగడిలో నాలుగడుగులు వేసినవారికి అదెలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. సుమారు 25 కిలోల ఉక్కు ఒంటిమీద ఉన్నవాడికి ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క పోరాటమే. అడవులు రెండు పక్కలా గోడలుగా నిలవడంతో చిన్న సేనను చుట్టుముట్టే వీలు లేదు. పెద్ద సేన తన పొడవంతా పరుచుకునే వీలూ లేదు.

హెన్రీ కవచధారులను ఒకే వరుసగా నిలిపి, విలుకాండ్రలో ఎక్కువమందిని రెండు పార్శ్వాలలో ఉంచాడు. రెండు చివరలా మొనదేల్చిన ఆరడుగుల గుంజను ప్రతి విలుకాడూ కొన్ని రోజులుగా వెంట మోస్తూనే ఉన్నాడు. దానిని ఏటవాలుగా పాతితే మొన గుర్రం రొమ్ముకు ఎదురుగా ఉంటుంది.

ఫ్రెంచివారు కదలలేదు. వారి తర్కంలో తప్పులేదు: తమకు ఇంకా బలగం వచ్చి చేరుతోంది, ఎదుటివారు ఆకలితో ఉన్నారు, కాలం తమ పక్షమే. ఇలా సుమారు మూడు గంటలు గడిచాయి. అప్పుడు హెన్రీ ఆ రోజుకెల్లా అతి ప్రమాదకరమైన నిర్ణయం తీసుకున్నాడు. పాతిన గుంజలను పెరికించి, సేనను బాణం అందేంత దూరానికి ముందుకు నడిపించి, తిరిగి పాతించాడు. ఆ కాసేపట్లో ఫ్రెంచి రౌతులు విరుచుకుపడి ఉంటే కథ వేరుగా ఉండేది. వారిలో చాలామంది ఆ సమయానికి తమ స్థానాలలో లేరు.

వృద్ధ యోధుడు థామస్ ఎర్పింగ్‌హామ్ చేతికర్రను గాలిలోకి విసిరి సంకేతమిచ్చాడు. బాణాల వాన మొదలయింది.

కవ్వింపు ఫలించింది. పార్శ్వాల మీదికి ఫ్రెంచి రౌతులు అనుకున్నదానికంటే తక్కువ సంఖ్యలో దూకారు. అడవుల వల్ల పక్కగా తిరిగి రాలేక నేరుగా గుంజలకు ఎదురొచ్చారు. బాణాలు తగిలిన గుర్రాలు బెదిరి వెనుదిరిగి, వెనుక కాలినడకన వస్తున్న తమ కవచధారుల వరుసల్లోకే దూసుకుపోయాయి. ఫ్రెంచి క్రాస్‌బో వీరులకు ముందు వరుసలో చోటే దక్కలేదు. గౌరవం కోసం ప్రభువులంతా ముందుకు తోసుకొచ్చారు. ఫ్రాన్స్‌లో ‘కాన్‌స్టేబుల్’ అంటే సర్వసేనాని. ఆ పదవిలో ఉన్న షార్ల్ దాల్‌బ్రే, మార్షల్ బూసికో అనుభవజ్ఞులే అయినా, హోదాలో తమను మించిన డ్యూకులను అదుపు చేయడం వారికి సాధ్యం కాలేదు. రాజు ఆరవ షార్ల్ మతిస్థిమితం లేక యుద్ధానికి రాలేదు.

మేలైన ఉక్కు కవచాన్ని బాణం తేలికగా ఛేదించేది కాదు. అయినా దానికి వెరచి యోధులు ముఖకవచాలు దించుకొని, తల వంచి నడవక తప్పలేదు. చూపు ఆడదు, ఊపిరి ఆడదు. ఇరుకు పొలం వారిని మధ్యకు ఒత్తింది. శత్రువును చేరేసరికి కత్తి ఎత్తే జాగా లేదు. ముందువాడు పడితే వెనుకవాడు అతనిపై పడ్డాడు. లేవలేక బురదలోనే ఊపిరాడక చనిపోయినవారు చాలామంది. బాణాలు అయిపోయాక విలుకాండ్రు విళ్లు పక్కన పడేసి, గుంజలు పాతిన సుత్తులతో, గొడ్డళ్లతో, బాకులతో వారిపై పడ్డారు. తేలికపాటి దుస్తులే వారికి ఆ బురదలో బలమయ్యాయి.

బందీల వధ

గెలుపు ఖాయమనిపించిన వేళ ఇంగ్లండు శిబిర సామగ్రిపై వెనుక నుంచి దాడి జరిగింది. మిగిలిన ఫ్రెంచి దళం మళ్లీ కూడుకుంటున్నట్టు కనిపించింది. అప్పటికే పట్టుబడిన వందలాది బందీలను చంపమని హెన్రీ ఆజ్ఞాపించాడు. లొంగిన ప్రభువును ప్రాణాలతో ఉంచి విడుదల సొమ్ము రాబట్టుకోవడం ఆనాటి ఆచారం. కవచధారులు వెనుకాడడంతో ఆ పనిని ఒక అధికారి కింద 200 మంది విలుకాండ్రకు అప్పగించారు. ఆనాటి ఫ్రెంచి రచయితలు సైతం రాజును పెద్దగా తప్పుపట్టకుండా, శిబిరాన్ని దోచినవారినే నిందించారు. నేటి పాఠకుడు అంత సులభంగా ఆ నిర్ణయాన్ని సమర్థించలేడు. 1944లో లారెన్స్ ఒలీవియే తీసిన చిత్రంలో ఈ ఆజ్ఞ కనిపించదు.

ఇంగ్లండు వైపు యార్క్ డ్యూక్ ఎడ్వర్డ్ సహా కొన్ని వందల మంది మరణించారని అంచనా. ఫ్రెంచి వైపు దాల్‌బ్రే, అలాన్సోన్, బార్, బ్రబాంట్ డ్యూకులు నేలకొరిగారు. బందీగా చిక్కిన బూసికో ఇంగ్లండులోనే మరణించాడు. ఓర్లేయాన్ డ్యూక్ షార్ల్ 25 ఏళ్లు అక్కడ నిర్బంధంలో ఉండి, కవిత్వం రాస్తూ గడిపాడు.

1420లో ట్రాయ్ ఒప్పందం హెన్రీని ఫ్రెంచి సింహాసనానికి వారసుడిగా గుర్తించింది. 1422 ఆగస్టులో అతడు మరణించాడు. మతిస్థిమితం లేని ఆరవ షార్ల్ అతని తరువాత దాదాపు రెండు నెలలు జీవించాడు. ఆ కిరీటం హెన్రీ తలకెక్కనే లేదు. 1453 నాటికి ఫ్రాన్స్ గడ్డపై ఇంగ్లండుకు మిగిలినది, ఆ ఆకలి సేన చేరాలనుకున్న కాలే పట్టణం ఒక్కటే.