ముగ్గురాయి, సముద్రం, నడుమ ఒక గీత

మంగంపేట బళ్లో చదివినవాడు సముద్రం గురించి వ్యాసం రాయడమేమిటని నవ్వుకోకండి. మనకూ సముద్రానికీ సంబంధం ఉంది. మనం బడికి నడిచిపోతుంటే లారీలు లేపిన ముగ్గురాయి దుమ్ము తలనిండా పడేది కదా. ఆ రాయి చమురు బావులకు పోతుందని మా సోషల్ అయ్యవారు చెప్పేదాకా నాకు తెలియదు. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువున్న ఆ రాయిని పొడి చేసి, బురదలో కలిపి బావిలోకి పంపుతారు. లోపలి గ్యాసు తన్నుకురాకుండా ఆ బరువు అణిచిపెడుతుంది. గ్యాసు అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో కోనసీమలో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండి చూపించింది.

చమురు కోసం బావులు సముద్రంలోకి దిగినాక నీళ్లకూ గెట్టు కావలసి వచ్చింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా చేపల మీద, అడుగునున్న ఖనిజాల మీద ఆ దేశానికే హక్కు. పక్కపక్క దేశాలు కొలిస్తే ఆ కొలతలు ఒకదాని మీదొకటి పడతాయి. బంగాళాఖాతంలో మనకూ బంగ్లాదేశ్‌కూ అదే జరిగింది.

సుందరవనాల దగ్గర హరియాభంగా నది సముద్రంలో కలిసేచోట, 1970 తుఫాను తర్వాత ఒక చిన్న దీవి కనబడింది. మనవాళ్లు న్యూ మూర్ అన్నారు, వాళ్లు దక్షిణ తల్‌పట్టి అన్నారు. నది అసలు పాయ దీవికి తూర్పున పారుతోందని మనం, పడమరన పారుతోందని వాళ్లు. వంక దారి మార్చుకున్నప్పుడు ఒడ్డు పొలాల రైతులు పడే తగాదా ఎట్లాంటిదో మన ఊళ్లలో అందరికీ తెలుసు, ఇదీ అదే. 1981లో రెండు దేశాల నౌకలూ అక్కడ ఎదురుపడ్డాయి. తీరా 2010 నాటికి ఆ దీవే మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు.

దీవి పోయినా తగాదా పోలేదు, ఎందుకంటే అసలు సంగతి దీవి కాదు, దాని వెనకున్న సముద్రం. 2009లో బంగ్లాదేశ్ మధ్యవర్తుల దగ్గరికి పోయింది. ఐదుగురు సభ్యుల ట్రిబ్యునల్‌లో మన దేశం నియమించిన సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. ఇంటిపేరు చాలు, తెలుగువారని తెలియడానికి. సభ్యులు 2013 అక్టోబరులో ఆ నదీముఖాలకు స్వయంగా వెళ్లి చూశారు. 1947 నాటి రాడ్‌క్లిఫ్ పటం ముందు పెట్టుకొని, 2014 జూలై 7న తీర్పు ఇచ్చారు. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయింది. న్యూ మూర్ ఉన్నచోటు మాత్రం మనవైపే పడింది. శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల్లో విభేదించి తన అభిప్రాయం విడిగా రాశారు. రెండు ప్రభుత్వాలూ తీర్పును ఒప్పుకున్నాయి. పెద్ద దేశం చిన్న దేశం ముందు ఓడి, ఓటమిని గౌరవంగా తీసుకోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది.

ఆయన విభేదించిన వాటిలో ఒకటి మన ఊరివాళ్లకు సులభంగా అర్థమవుతుంది. బంగ్లాదేశ్ తీరానికి 200 మైళ్లు దాటినా మన తీరానికి 200 మైళ్ల లోపే ఉన్న ఒక చిన్న ముక్క మిగిలింది. దాన్ని బూడిదరంగు ప్రాంతం అంటారు. అక్కడ అడుగునున్న నేల బంగ్లాదేశ్‌ది, పైనున్న నీళ్లు మనవి! పైన పొలం ఒకరిది, కింద రాయి లీజు ఇంకొకరిది అన్న మాట విని పెరిగినవాళ్లం కదా, మనం ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ముక్కలో వల వేసే హక్కు మనది. బావి తవ్వాలంటే అనుమతి ఢాకా నుంచి రావాలి. అట్లా తవ్వే రోజే వస్తే, ఆ బావిలో పోసే బురదకు బరువు బహుశా మంగంపేట నుంచే పోతుంది.