దిగువ కృష్ణా డెల్టా ఆహార యాత్ర

గుడివాడ, మచిలీపట్నం (బందరు), దివిసీమ ప్రాంతాలు కృష్ణానది దిగువ డెల్టాలో ఉన్నవి. ఇచ్చట ద్రాక్షతోటలకు బదులు వరిచేలు, తాటిచెట్లు కనిపిస్తాయి.

మార్గం
విజయవాడ నుండి గుడివాడ మీదుగా మచిలీపట్నానికి రైలుమార్గం ఉన్నది. అక్కడి నుండి దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంకలకు రోడ్డుమార్గాన వెళ్ళవచ్చును.

రుచులు
- బందరు లడ్డు: శనగపిండి పూసను వేయించి, దంచి, బెల్లంపాకం, నెయ్యి చేర్చి మరల దంచుతారు. కనుకనే తొక్కుడు లడ్డు అని పేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది.
- తాటికల్లు: తెల్లవారుజామున దించినది తీయగా ఉంటుంది; ఎండ ఎక్కేకొద్దీ పులిసి, మత్తు పెరుగుతుంది. ద్రాక్షసారా వలె ఏళ్ళ తరబడి నిలవ ఉండదు. లడ్డును ఇంటికి తీసుకుపోవచ్చును, కల్లు కొరకు చెట్టు వద్దకే రావాలి.

అనువైన కాలం
తాటిముంజలు వేసవిలో లభిస్తాయి. నవంబరులో వచ్చేవారు తుఫాను హెచ్చరికలను గమనించాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని బలిగొన్నది.