యాత్రికునకు పూచీ యెవరు?

యోగక్షేమములను మాటను మనము దినదినమును వాడుచున్నాము. బంధువులకు జాబు వ్రాయునపుడు ఆ మాట లేనిదే జాబు సాగదు. కాని దానియందు రెండర్థములు ఇమిడియున్నవని తలచువారు కొందఱే. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. యాత్రావిషయమున ఈ భేదము మిక్కిలి స్పష్టము. టిక్కెట్టు కొనుట, బస కుదుర్చుకొనుట యోగము. టిక్కెట్టు చెల్లకపోయిన నాడు, బసవారు తలుపు మూసిన నాడు ఇల్లు చేరుటెట్లు, కట్టిన సొమ్ము రాబట్టుకొనుటెట్లు అనునది క్షేమము. మొదటిదానిని గూర్చిన ప్రకటనలు ఎల్లెడల కనబడుచున్నవి. రెండవదానిని గూర్చి కంపెనీ కూలిన నాడు గాని యెవరును తలపరు. ఆ రెండవదాని చరిత్రమే మేమిచట చెప్పదలచిన విషయము.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. పరివారమును, వాహనమును, దారిబత్తెమును తామే సమకూర్చుకొనిరి. అట్టి యాత్రలో కష్టములు లెక్కలేనన్ని యుండును గాని, ఎక్కడనో యున్న ఒక వర్తకుడు దివాలా తీసినందున యాత్ర యంతయు నిలిచిపోవునను భయము మాత్రము లేదు. ఒక మజిలీలో బస దొరకకున్న మఱియొక మజిలీకి సాగిపోవుటయే. సొమ్ము యాత్రికుని చేతిలోనే యుండెను. అపాయమును అతని తలమీదనే యుండెను.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసిన పని ఆ తరువాత పదేండ్లకే ఇంగ్లండులో మొదలైనది. దానికి మూలము మద్యపాన నిషేధోద్యమమని తెలిసినచో మన చదువరులు సంతోషింపక మానరు. థామస్ కుక్ అను వడ్రంగపు పనివాడు, బాప్టిస్టు మతబోధకుడు, మద్యపానమును మాన్పింప కంకణము కట్టుకొన్నవాడు. అతడు 1841 జూలై 5వ తేదీన లెస్టరు నగరమునుండి లఫ్‌బరోలో జరుగు మద్యనిషేధసభకు సుమారు 500 మందిని ప్రత్యేకపు రైలులో తీసికొనిపోయెను. తలకొక షిల్లింగు. పేదలకు సారాదుకాణము తప్ప వేఱు వినోదము లేకుండుటయే త్రాగుడునకు కారణమనియు, చౌకగా లోకమును చూపించినచో వారు బాగుపడుదురనియు అతని నమ్మకము. సదుద్దేశమున్నంత మాత్రమున లెక్కలు సరిపోవు. 1846లో కుక్ తానే దివాలా తీసెను. అయినను పట్టు విడువలేదు. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమునకు సుమారు 1,50,000 మందిని చేర్చెను. ఈ సంఖ్యను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీనితో పని కలదు.

1868లో అతడు హోటలు చీటీలను ప్రవేశపెట్టెను. యాత్రికుడు సొమ్ము ముందుగా కుక్కు కంపెనీకి కట్టి చీటీ పుచ్చుకొనును. ఆ చీటీని చూచి దూరదేశపు హోటలువాడు భోజనము పెట్టును. తరువాత కంపెనీ వానికి బాకీ తీర్చును. మన గ్రామములలో మామిడితోటను గుంపగుత్తగా మాటలాడుకొనునట్లు, రైలు, ఓడ, బస, భోజనము అన్నియు కలిపి ఒక మొత్తమునకు కుదుర్చుకొను పద్ధతి యిట్లు స్థిరపడెను. దీనినే నేడు ప్యాకేజీ యాత్ర యనుచున్నాము. ఇందలి సౌకర్యము ప్రత్యక్షము. దాగియున్న మార్పు వేఱొకటి కలదు. వెనుక యాత్రికుడు అనుభవించిన పిదప సొమ్మిచ్చెడివాడు. ఇపుడు సొమ్మిచ్చి నెలలు గడచిన పిదప అనుభవించుచున్నాడు. ఈ నడిమికాలమున అతడు యాత్రికుడు కాడు, కంపెనీకి అప్పిచ్చిన ఋణదాత. వడ్డీ లేదు, పత్రము లేదు, తాకట్టు లేదు. తాను అప్పిచ్చితినని అతనికే తెలియదు!

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ వ్యాపారము విమానమెక్కెను. 1950లో వ్లాదిమీర్ రెయిట్జ్ అనునతడు హొరైజన్ హాలిడేస్ అను సంస్థ పక్షమున, విమానమును మొత్తముగా అద్దెకు తీసికొని, ఇంగ్లండువారిని కోర్సికా ద్వీపమునకు పంపెను. విమానము, గుడారపు బస, భోజనము అన్నియు కలిపి 32 పౌనుల 10 షిల్లింగులు. ప్రభుత్వమువారు మొదట ఉపాధ్యాయులకును విద్యార్థులకును మాత్రమే దీనికి అనుమతి యిచ్చిరి. చిన్న జీతగాండ్రకు సముద్రతీరపు ఎండ అందుబాటులోనికి వచ్చుట మేలుకాదని మే మనజాలము. పదేండ్లు, ఇరువదియేండ్లు గడచునప్పటికి లక్షలాది కార్మిక కుటుంబములు స్పెయిను తీరమునకు పోసాగెను. కంపెనీలు ఒకదానికంటె నొకటి ధర తగ్గించుటకు పోటీపడెను. లాభము సన్నగిల్లెను. ఈ యేటి యాత్రికుల సొమ్ముతో పోయిన యేటి బాకీలు తీర్చుట వాడుకయ్యెను. ఇట్టి వ్యాపారము క్రొత్తవారు వచ్చి చేరుచున్నంతకాలమే నడచును. రాక తగ్గిన నాడు కూలును.

అట్లే జరిగెను. 1973లో చమురు ధర పెరిగెను. మఱుసటి యేట యాత్రికులు తగ్గిరి. 1974 ఆగస్టు 15వ తేదీన కోర్ట్ లైన్ అను కంపెనీ, దాని క్రిందనున్న క్లార్క్‌సన్స్ అను గొప్ప యాత్రాసంస్థతో కూడ పడిపోయెను. ఎండకాలపు సెలవులు ముమ్మరముగా నున్న దినములవి. పదులవేలమంది పరదేశములలో చిక్కుకొనిరి. అంతకు ఏడువారముల క్రిందటనే మంత్రి యొకరు పార్లమెంటులో ఆ యేటి సెలవుయాత్రలకు భయములేదని జనులు భావించునట్లు మాటలాడియుండిరి. ఆ మాట నమ్మి మిగిలిన సొమ్ము కట్టినవారును కలరు. ప్రజల ఫిర్యాదులను విచారించు పార్లమెంటు అధికారి 1975లో ఆ ప్రకటనను తప్పుపట్టెను.

1973 నుండియే అచట అటోల్ అను అనుమతిపత్రపు పద్ధతి యుండెను. కంపెనీలు కొంత ధరావతు కట్టవలసియుండెను. ఆ ధరావతు చిక్కినవారిని ఇల్లు చేర్చుటకు సరిపోయెను గాని, బయలుదేఱకమునుపే సొమ్ము కట్టియున్న వారికి చెల్లించుటకు చాలలేదు. అంతట 1975లో విమానయాత్రా రక్షకనిధిని గూర్చి శాసనము చేసి, ప్రభుత్వము అప్పిచ్చి, ఆ యప్పును కంపెనీల రాబడిపై పన్నువేసి తీర్చిరి. 1986లో దానికి బదులు ఒక ధర్మకర్తల నిధి యేర్పడెను. 2009 నుండి ప్రతి యాత్రికుని పేర రెండున్నర పౌనులు ఆ నిధికి చేరుచున్నవి. ఐరోపా సమాజమువారు 1990లో ఒక ఆదేశము వెలువరించి, గుంపగుత్త యాత్ర నమ్ము ప్రతివాడును తాను దివాలా తీసినచో యాత్రికుని సొమ్మునకును తిరుగుప్రయాణమునకును ముందుగనే పూచీ చూపవలెనని సభ్యరాజ్యములను కట్టడిచేసిరి. ఇందేదియు కంపెనీల దయవలన వచ్చినది కాదు. ఒక్కొక్క నియమము వెనుకను విమానాశ్రయపు నేలమీద పిల్లలతో రాత్రి గడపిన కుటుంబములు కలవు.

ఇంతలో కాలము మరల మారెను. చౌక విమానసంస్థలును ఇంటర్నెట్టును వచ్చిన పిదప గృహస్థుడు మరల వీరాస్వామయ్యగారి మార్గము పట్టెను. విమానమును ఒకచోట, బసను మఱియొకచోట తానే కుదుర్చుకొనసాగెను. దీనియందు స్వేచ్ఛ కలదు. తఱచు సొమ్మును ఆదా యగును. వేఱొక గుణమును కలదు: ఒక సంస్థ కూలినను తక్కినవి నిలుచును. విమానసంస్థ పడిపోయినను హోటలుగది చెడదు. గుంపగుత్త యాత్రలో నన్ననో, ఒక్క కంపెనీ పడినచో సర్వమును పడును. కనుక పూచీ లేని గుంపగుత్త కంటె విడివిడి యేర్పాటే మేలని చెప్పవచ్చును. కాని పూచీ యున్నచోట స్థితి తలక్రిందులగును. వీరాస్వామయ్యగారి మార్గము పట్టినవాడు వారివలె సొమ్ము చేతనుంచుకొన్నాడా? లేదు. కుక్కుగారి యాత్రికునివలె ముందుగనే కట్టివేసినాడు. పాతపద్ధతిలోని అపాయమును, క్రొత్తపద్ధతిలోని అప్పును రెండును అతనికే దక్కినవి.

2019 సెప్టెంబరు 23వ తేదీ తెల్లవారుజామున కుక్కుగారి పేరు మోయు కంపెనీయే కూలెను. 178 యేండ్ల పేరు. 2007లో మఱియొక సంస్థతో కలియుటవలన నెత్తికెత్తుకొన్న అప్పులును, మారిన కాలమును దానిని క్రుంగదీసినవి. ఆనాడు పరదేశములలో నున్న బ్రిటిషు యాత్రికులు సుమారు 1,50,000 మంది. 1851లో కుక్కుగారు లండనునకు చేర్చినవారెందరో, 2019లో వారి కంపెనీ దారిలో విడిచినవారును రమారమి యందఱే! కూలుటకు రెండుదినములముందు ట్యునీషియాలోని హమ్మామెత్ పట్టణమున ఒక హోటలువారు, కంపెనీ తమకు బాకీ చెల్లించునో లేదో యని, అతిథులను బయటికి పోనీక గేటు మూసిరి. సొమ్ము పూర్తిగా కట్టియున్న యాత్రికులు మరల కట్టుమను మాట వినవలసివచ్చెను. వారిది గుంపగుత్త యాత్ర యగుటచే, కంపెనీ కూలిన పిదప హోటలు బాకీలకు నిధివారు పూచీపడిరి. ప్రభుత్వము విమానములను అద్దెకు తెచ్చి రెండువారములలో జనులను ఇండ్లకు చేర్చెను. విడిగా టిక్కెట్టు కొన్నవారిని కూడ దయదలచి తీసికొనివచ్చిరి. కాని ముందునాళ్ల యాత్రకు గుంపగుత్తగా కట్టినవారి సొమ్మును నిధి తిరిగి యిచ్చినది. విడిటిక్కెట్టువారు తమ క్రెడిట్ కార్డు బ్యాంకును ఆశ్రయింపవలసినవారైరి. 1974 నాటి యొక శాసనము ప్రకారము, నూఱు పౌనులకు మించి ముప్పదివేలకు మించని కొనుగోలునకు అచటి క్రెడిట్ కార్డు బ్యాంకు కూడ బాధ్యురాలు. కార్డున కొననివారికి ఆ యాధారమును లేదు.

దయ హక్కు కాదనుటకు తార్కాణము ఆఱు నెలలలోనే కనబడెను. 2020 మార్చి 5వ తేదీన ఫ్లైబీ అను విమానసంస్థ నిలిచిపోయినపుడు ప్రభుత్వపు విమానములు రాలేదు. తిరుగుప్రయాణమును మీరే చూచుకొనుడని యాత్రికులకు చెప్పిరి. మూడేండ్ల ముందు, 2017లో మొనార్క్ సంస్థ పడినపుడు మాత్రము అందఱిని తెచ్చిరి. విడిటిక్కెట్టువానికి ఒకనాడు విమానము వచ్చును, ఒకనాడు రాదు.

పూచీయైనను చాలినంత యుండవలెను. జర్మనీలో కుక్కుగారి శాఖకు భీమా యుండెను; కాని ఆ భీమా యేటికి 11 కోట్ల యూరోలకు పరిమితము. నష్టము దానికి రెట్టింపు మించెను. మిగిలినది తామిత్తుమని 2019 డిసెంబరులో ప్రభుత్వమే ఒప్పుకొనవలసివచ్చెను. దానివలన బుద్ధి తెచ్చుకొని 2021లో ప్రత్యేకనిధి నేర్పఱచిరి. 2024 జూన్‌లో ఎఫ్.టి.ఐ. అను పెద్ద యాత్రాసంస్థ పడినపుడు ఆ నిధియే యాత్రికులను ఆదుకొనెను.

మన దేశపు మాటకు వత్తము. ఇచటి థామస్ కుక్ కంపెనీ 2012 నుండియే వేఱు యజమానులదగుటచే 2019లో దానికి హాని కలుగలేదు. కాని ఆ క్షేమము యాజమాన్యపు భేదమువలన కలిగినది, శాసనమువలన కాదు. యాత్రికుల ముందస్తు సొమ్మును ప్రత్యేకనిధిలో కాపాడవలెనని కంపెనీలను నిర్బంధించు, అటోల్ వంటి శాసనము మనకు లేదు. 2023 మే నెలలో గో ఫస్ట్ విమానసంస్థ తన విమానములను నిలిపి దివాలా న్యాయస్థానము నాశ్రయించినపుడు, టిక్కెట్టు కొన్నవారు ఋణదాతల వరుసలో నిలిచి అర్జీలు పెట్టుకొనవలసివచ్చెను. 2025 జనవరిలో ఆ సంస్థ ఆస్తుల నమ్మివేయుమని ఉత్తరువైనది. తాము అప్పిచ్చితిమని యెఱుగని ఋణదాతలని పైని మేమనిన మాట వీరియెడ అక్షరాల సరిపడుచున్నది.

ఇట్టి సమయమున ఇరుగుపొరుగువారు చెప్పు మాట యొకటి కలదు: చౌకకు ఆశపడి మోసపోయినాడని. మే మీ మాటను ఒప్పుకొనము. కంపెనీ లెక్కలు మంత్రులకే తెలియలేదు. బడిపంతులకును గుమాస్తాకును ఎట్లు తెలియును? ఇల్లు కట్టువానికి ఇటుకలను పరీక్షించు బాధ్యత కలదు గాని, ఊరికి అగ్గిమంటలార్పు యంత్రము లేకుండుట వాని తప్పు కాదు. క్షేమము ఒక్కని తెలివివలన కలుగునది కాదు. అందఱును కొంచెము కొంచెము చెల్లించి, శాసనము కాపలాకాయగా కలుగునది. రెండున్నర పౌనుల చరిత్రము చెప్పు నీతి యిదియే.

అట్టి శాసనము వచ్చువఱకు గృహస్థులు చేయదగినది కొంత కలదు. కాశీకైనను సింగపూరునకైనను సొమ్ము కట్టకముందు ధర యెంతయని యడుగుచున్నాము. మీరు పడిపోయినచో మా సొమ్మునకు పూచీ యెవరని కూడ అడుగవలెను. దానికి జవాబు వ్రాతమూలముగా కోరవలెను. భీమా పుచ్చుకొన్నచో అది రోగమునకేగాక కంపెనీ దివాలాకు కూడ వర్తించునా యని చూడవలెను. మొత్తమంతయు నెలలముందే కట్టివేయక, వీలైనంత వెనుకకు నిలుపుకొనవలెను. బ్రిటనున నివసించు మన తెలుగు కుటుంబములు స్వదేశమునకు విమానసంస్థవద్ద నేరుగా కొను ఒంటిటిక్కెట్టు సాధారణముగా అటోల్ రక్షణలోనికి రాదని యెఱిగి, క్రెడిట్ కార్డుననే కొనుట మంచిది.

ఇవి తాత్కాలికపు ఉపాయములు. ప్రశ్నించువారు పదివేలమందియైన నాడు కంపెనీలు జవాబు వెదకుకొనును. లక్షమందియైన నాడు శాసనసభ వినును. ఇంగ్లండున ఆ పని జరుగుటకు 1974 ఆగస్టు వంటి నెల యొకటి రావలసివచ్చెను. మనము అట్టి నెలకై కాచుకొని యుండనక్కఱలేదు.