జీను మీద నిలకడ: కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించి, యుద్ధాల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆ రాజులు పరుగెత్తే గుర్రం మీద నుండి పడిపోకుండా ఎలా కూర్చున్నారన్నది మాత్రం నేను రాస్తాను. దానికి కారణం ఉంది.

1974లో నేను నగరంలో ఒక పోలీసు కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాడిని. అశ్వదళం ఉలవలు, గడ్డి, లాడాల బిల్లులు నా సీటులోనే ఉండేవి. స్టాకు సరిచూడడానికి లాయానికి వెళ్ళి వస్తుండగా స్వారీ నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. చిన్నతనంలో పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. అందుకని కోరికను బయటపెట్టడానికే సిగ్గుపడ్డాను. సైన్యంలో పనిచేసి వచ్చిన ముసలి దఫేదారుగారు కనిపెట్టి తెల్లవారుజామున రమ్మన్నారు.

నడక బాగానే సాగింది. గుర్రం క్యాంటర్ అందుకోగానే భయంతో ముందుకు వంగి, మోకాళ్ళతో జీనును బిగించి, కళ్ళెం లాగాను. మూడో చుట్టులో ఇసుకలో ఉన్నాను.

గుర్రపు గతులకు పంచధారలని అమరకోశం పేరు పెట్టింది. ఏ గతి లెక్క దానిదే. నడకలో నాలుగు చప్పుళ్ళు, దుల్కీలో రెండు, క్యాంటర్‌లో మూడు. ఆ మూడూ అయ్యాక ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. గుర్రం వీపు ఊయలలా ఊగుతుంది. రౌతు నడుము దానితోపాటు ఊగితే సరి. బిగుసుకుంటే ప్రతి అంగకూ ఎగిరిపడతాడు. మోకాళ్ళతో బిగిస్తే, వేళ్ళ మధ్య నొక్కిన తడి చింతగింజలా మనిషి జీను మీద నుండి పైకి జారిపోతాడు.

దఫేదారుగారు రికాబులు విప్పేశారు. గుర్రాన్ని పొడవాటి తాడుతో పట్టుకుని తన చుట్టూ తిప్పారు. "బాబుగారూ, రికాబు లేకపోతే రెండు కాళ్ళూ సమానమే. పట్టుకోకండి, కూర్చోండి" అన్నారు. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి, చూపు గుర్రం చెవుల మీదుగా ముందుకు పోవాలి, ఊపిరి బిగబట్టకూడదు. రెండు నెలలకు మూడు చప్పుళ్ళూ నా నడుముకే వినిపించసాగాయి.

పదవీ విరమణ తర్వాత గ్రంథాలయాల్లో చదివితే ఈ పాఠం ఎంత పాతదో తెలిసింది. సుమారు 2,400 ఏళ్ళ క్రితం గ్రీకు సేనాని జెనోఫోన్ అశ్వశిక్షణపై గ్రంథం రాశాడు. కుర్చీలో కూర్చున్నట్టు కాక, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్టు ఉండాలనీ, మోకాలి కింది భాగం వదులుగా వేలాడాలనీ అందులో చెప్పాడు. అప్పటికి గ్రీకులకు రికాబులే తెలియవు. క్రీ.శ. 4వ శతాబ్దం నాటికి చైనాలో జత రికాబులు కనిపిస్తాయి. సౌకర్యం పెరిగింది, దాని మీద ఆధారపడడమూ పెరిగింది. అందుకే వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో నేటికీ కొత్తవారికి రికాబులు, కళ్ళెం లేకుండా తాడు మీదనే మొదటి పాఠాలు.

ఇటలీ సైనికాధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907) మరో మలుపు తిప్పాడు. అంతవరకు అడ్డంకులు దూకేటప్పుడు రౌతులు వెనక్కి వాలి కళ్ళెం లాగేవారు. రౌతు లేని గుర్రం ఎలా దూకుతుందో గమనించి, ఆయన రికాబులు పొట్టి చేసి ముందుకు వంగమన్నాడు. వియన్నావారిది నిటారు, ఈయనది ముందుకు. అయినా సూత్రం ఒకటే: రౌతు బరువు గుర్రం బరువు నిలిచే చోట ఉండాలి.

నన్ను కదిలించిన కథ మరొకటి. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇతరులు సాయం పట్టి గుర్రం ఎక్కించేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్‌లో పురుషులతో పోటీపడి ఆమె రజతం గెలిచింది. 1956లో మళ్ళీ రజతమే. అది చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

దఫేదారుగారికి జెనోఫోన్ తెలియదు, హార్టెల్ తెలియదు. ఆయన సంతకాలు ఉలవల బిల్లుల మీదే ఉండేవి. గడువు తీరిన ఆ ఫైళ్ళను ఎప్పుడో తగలబెట్టి ఉంటారు. అందుకే ఆయన పాఠాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.