తరాలు నిలిచే చిన్న తుపాకి: పాయింట్ టూటూ కథ

పాయింట్ టూటూ (.22) తూటా పొడవు ఒక అంగుళం. దాని మూతిలో బిగించి ఉండే సీసపు గుండు రెండున్నర గ్రాములకు కాస్త పైన తూగుతుంది. గుంటూరు, ప్రకాశం సీమల్లో చాలామంది చేతికి దీన్ని పేల్చే రైఫిల్ మొదట తగిలింది కాలేజీ రోజుల్లో, ఎన్‌సీసీ ఫైరింగ్ రేంజిలో. కొద్ది ఇళ్లలో మాత్రం తాత పేర లైసెన్సుతో, నూనె గుడ్డ చుట్టి, బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆ ఇళ్లను ఇప్పుడు ఒక ప్రశ్న వేధిస్తోంది: తాత తర్వాత ఇది ఎవరిది? కొత్తగా కొనదలచినవారిది మరో ప్రశ్న: పిల్లలకు అప్పగించదగ్గ తుపాకి ఏది? ఈ రెంటికీ జవాబు చెప్పాలంటే ఆ తుపాకి ఎక్కడ పుట్టిందో, మన నల్లరేగడి దాకా ఎలా వచ్చిందో తెలియాలి.

పారిస్‌లో పుట్టింది

1845లో పారిస్ తుపాకుల తయారీదారు లూయీ నికోలా ఫ్లోబేర్ ఒక చిన్న ఆలోచన చేశాడు. ఆనాటి తుపాకుల్లో మందు వేరు, గుండు వేరు, మందును రగిలించే రాగి టోపీ వేరు. ఆయన ఆ టోపీ మూతిలోనే గుండును బిగించేశాడు. వేరే మందు అక్కర్లేకుండా టోపీలోని రసాయనమే గుండును నెట్టింది. బలం తక్కువ, చప్పుడు తక్కువ. దాంతో ధనికుల ఇళ్లలో గదిలోనే గురి చూసి కాల్చే ఆట మొదలైంది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఆ టోపీని కాస్త పొడిగించి, లోపల నల్లమందు పోసి, పాయింట్ టూటూ షార్ట్ తూటాను తెచ్చింది. ఈనాడు మనం వాడే లాంగ్ రైఫిల్ తూటా 1887లో స్టీవెన్స్ కంపెనీ నుంచి వచ్చింది.

ఈ తూటా అడుగున చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. నిప్పు రాజేసే రసాయనం ఆ అంచు మడతలోనే దాగి ఉంటుంది. రైఫిల్ సూది వచ్చి అంచును నొక్కితే తూటా పేలుతుంది. ఒకసారి పేలిన గుల్లను మళ్లీ నింపడం కుదరదు. తయారీ తేలిక, ఖర్చు తక్కువ, భుజానికి తగిలే తోపు దాదాపు లేదు. గురి నేర్చుకునేవారికి ప్రపంచమంతా దీన్నే చేతికివ్వడానికి కారణం ఇదే.

పత్తిలోంచి వచ్చిన మందు

ఈ కథలో మన పత్తి రైతు తెలుసుకోవాల్సిన మలుపు ఒకటుంది. నల్లమందు పేలితే దట్టమైన పొగ, గొట్టం నిండా మసి. 1846లో క్రిస్టియన్ షేన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని నత్రికామ్లం, గంధకామ్లాల మిశ్రమంలో ముంచితే అది భగ్గున మండే పదార్థంగా మారుతుందని లోకానికి చాటాడు. దాన్ని అదుపులో పెట్టి తుపాకికి పనికొచ్చే పొగలేని మందుగా 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే తయారు చేశాడు. 1889లో బ్రిటన్‌లో కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన నీలగిరుల్లోని అరువంకాడులో కార్డైట్ ఫ్యాక్టరీ వెలిసింది.

జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక కూడా పత్తి గింజను పట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. నూనె మిల్లులకు వెళ్లే ముందు ఆ నూగునూ గీకి తీస్తారు. లింటర్లు అని వ్యాపారంలో పిలిచే ఆ నూగు పొగలేని మందుకు ముఖ్యమైన ముడిసరుకు. తూటా ఏ దేశంలో తయారైనా దాని గుండె పత్తి చేలోనే పుట్టిందన్నమాట. ఆ రైఫిల్ గొట్టాన్ని శుభ్రం చేసేదీ నూలు గుడ్డే.

మన గడ్డ మీద

తుపాకి మన ఇళ్లలోకి వచ్చిన దారి మాత్రం సాఫీగా లేదు. 1878లో బ్రిటిష్ వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది, తెల్లవారికి మినహాయింపు ఇచ్చింది. ఆ తేడా ఏమిటో మన నేల నెత్తురుతో తెలుసుకుంది. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టబోమని పల్నాడు రైతులను నడిపించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు బలయ్యాడు. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ పోలీసు తుపాకుల ఎదుట రొమ్ము విప్పి నిలబడిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరే ఒక జిల్లాకు పేరైంది. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కునూ చేర్చడం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి. స్వతంత్ర భారతం తన సొంత ఆయుధాల చట్టాన్ని 1959లో చేసుకుంది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది.

ఆ చట్టంలో పాయింట్ టూటూకు పేరు పెట్టి మరీ చోటిచ్చారు. పంట కాపలాకు ముందునుంచి మందు దట్టించే తుపాకి, గురి సాధనకు గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యుడికి పాయింట్ టూటూ లేదా ఎయిర్ రైఫిల్ అని 13వ సెక్షన్ విడదీసి చెప్పింది. ఒక మనిషికి ఇన్ని తుపాకులే అన్న పరిమితి కూడా క్లబ్బులో సాధనకు వాడే పాయింట్ టూటూకు వర్తించదని 3వ సెక్షన్ అంటుంది. అంటే దీన్ని మొదటినుంచీ చదువు చెప్పే తుపాకిగానే చట్టం చూసింది. 1948లో ఎన్‌సీసీ మొదలయ్యాక లక్షలాది కుర్రాళ్లు, అమ్మాయిలు దీనితోనే 25 గజాల దూరంలో గురి పెట్టడం నేర్చుకున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల పోటీలో కంచు పతకం తెచ్చింది ఈ తూటాతోనే.

పంట కాపలాకు మాత్రం ఇది పనికిరాదు. ఎర్రగొండపాలెం, దోర్నాల వంటి నల్లమల అంచు ఊళ్లలో అడవిపందుల బెడద ఎంత కడుపుమంట రేపుతుందో తెలియంది కాదు. కానీ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అధికారుల అనుమతి లేకుండా వాటిని కాల్చడం నేరం. పైగా ఇంత చిన్న గుండుతో పందిని కొడితే అది గాయంతో పారిపోయి కుళ్లి చస్తుంది. ఇంకో ప్రమాదం మన నేల తీరులోనే ఉంది. గురి 25 గజాలే అయినా గుండు 1700 గజాల దాకా, అంటే కిలోమీటరున్నర దూరం పోగలదు. మిరప కోతల కాలంలో మన బయలు చేలల్లో ఆ దూరంలో ఎన్ని కూలి ముఠాలుంటాయో రైతుకు చెప్పక్కర్లేదు. వెనక మట్టికట్ట ఉన్న రేంజిలో తప్ప దీన్ని పేల్చకూడదు.

ఏది నిలుస్తుంది

1980ల నడుమ నుంచి సామాన్య లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే బర్మింగ్‌హామ్ బీఎస్ఏ, చెక్ దేశపు బ్రునో వంటి పాత రైఫిళ్లు చేతులు మారుతూనే బతుకుతున్నాయి. మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల పాయింట్ టూటూలూ దొరుకుతాయి. మార్కు మంచిదే అయినా ఆ ఒక్క రైఫిల్ ఎలా ఉందన్నదే అసలు లెక్క.

ముందు డీలరు సమక్షంలో బోల్ట్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితోనూ చిటికెన వేలితోనూ చూసుకోవాలి. బోల్ట్ పూర్తిగా తీసేసి, వెనకనుంచి గొట్టంలోకి వెలుతురు పంపి చూడాలి. లోపలి మెలికల గాడులు మూతిదాకా అద్దంలా మెరవాలి. పాతకాలపు తూటాల రసాయనం పేలాక ఉప్పు మిగిల్చేది. బాపట్ల, చీరాల వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో శుభ్రం చేయకుండా వదిలేసిన గొట్టాలను ఆ ఉప్పే తినేసింది. అలా గుంటలు పడితే ఎంత నూనె పట్టించినా గొట్టం తిరిగి బాగుపడదు. తర్వాత గొట్టం మూతి అంచు చూడాలి. మెత్తటి సీసపు గుండు గొట్టాన్ని దాదాపు అరగదీయదు. మూతివైపు నుంచి ఇనుప కడ్డీ జొనిపి మోటుగా తోమేవారే ఆ అంచును పాడు చేస్తారు, దాంతో గురి పోతుంది.

ఆపైన తూటా కూర్చునే గూడు అంచు. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటున్న ఇంట్లో పెరిగిన రైఫిల్‌కు సూది తగిలి అక్కడ చిన్న నొక్కు పడి ఉంటుంది. నొక్కు లోతైతే తూటా సరిగ్గా కూర్చోదు, గుల్ల బయటికి రాదు. గొట్టం మీద ‘లాంగ్ రైఫిల్’ అని చెక్కి ఉందో లేదో చూడాలి. షార్ట్ తూటాకని చేసిన పాతవాటిలో నేటి తూటా పట్టదు. ఆటోమేటిగ్గా నిండే రకాలకన్నా చేత్తో లాగే బోల్ట్ రకంలో భాగాలు తక్కువ, మరమ్మతు తేలిక. నేర్చుకునే పిల్లకు ప్రతి తూటాకూ మధ్య ఆలోచించే సమయం దొరుకుతుంది. చివరగా, రైఫిల్ మీది నంబరు లైసెన్సులోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నంబరు చెరిపేసిన తుపాకిని ముట్టుకోవడమే ప్రమాదం.

చేతులు మారే దారి

పొలం, నగ సంక్రమించినట్టు తుపాకి సంక్రమించదు. వారసుడికి దక్కేది లైసెన్సు అడిగే అవకాశం మాత్రమే. ఇంటిపెద్ద పోయాక లైసెన్సు లేని వారసుడు దాన్ని బీరువాలో ఉంచుకోవడం నేరం. వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రంతో తన పేర దరఖాస్తు చేసుకోవాలి.

చాలామందికి తెలియని సులువైన దారి ఒకటుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు, తాను బతికుండగానే వారసుల్లో ఒకరిని సూచించవచ్చు. కొడుకే కానక్కర్లేదు, కూతురైనా సరే. ఆ వ్యక్తికి 21 ఏళ్లు నిండాలి, మిగతా అర్హతలన్నీ మామూలే. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవైనా అంతే. అదే సవరణ పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు గాల్లోకి కాల్చేవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఎన్నికలొస్తే జమ చేయమన్నప్పుడు గొట్టానికి లోపలా బయటా నూనె పట్టించి, రసీదుతో అప్పగించడం కూడా పిల్లలకు చూపించాల్సిన పాఠమే.

21 ఏళ్లు నిండేదాకా పిల్లలు ఊరికే ఎదురుచూడాల్సిన పని లేదు. 12 ఏళ్లు నిండితే శిక్షకుడి కళ్లెదుట రేంజిలో నేర్చుకోవచ్చు. మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సే అక్కర్లేదు. ఆ ఎయిర్ రైఫిల్‌తో మూతి ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకుండా, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా ఏళ్ల తరబడి మెలిగిన బిడ్డే తాత రైఫిల్‌కు తగిన వారసుడు.

కాబట్టి లైసెన్సున్న పెద్దలు ఈ ఏడాదే పిల్లల్ని కూర్చోబెట్టి మనసు విప్పి అడగాలి. గురి సాధన మీద ఇష్టం, తాళం వేసి కాపాడే ఓపిక ఎవరికుంటే వారిని సూచించి, కాగితాలు కలెక్టరాఫీసులో పెట్టాలి. ఎవరికీ అక్కర్లేదంటే చిన్నబుచ్చుకోకుండా డీలరు ద్వారా లైసెన్సున్న వారికి అమ్మేయాలి. ఇంటి ఆడపిల్లల, మనవల భద్రత కన్నా గొప్ప వారసత్వం ఏ తుపాకికీ లేదు. అడగకుండా, రాయకుండా బీరువాలో వదిలి వెళ్లడం మాత్రం పిల్లల నెత్తిన కేసు పెట్టి వెళ్లడమే.