నాలుగు గోడల ఆట సైబరాబాద్‌కు ఎందుకు రాలేదు?

అమెరికాలో పదేళ్లు ఉద్యోగం చేసొచ్చి కొండాపూర్‌లోనో మణికొండలోనో ఫ్లాట్ కొనుక్కున్నవాళ్ల అటక మీద ఒక్కోసారి ఓ పొట్టి రాకెట్ కనిపిస్తుంది. పిడి చివర మణికట్టుకు తగిలించుకునే తాడు ఉంటుంది. చూసినవాళ్లు పిల్లల టెన్నిస్ రాకెట్ అనుకుంటారు. నిజానికది రాకెట్‌బాల్‌ది. అక్కడ జిమ్‌లో ఆ ఆటకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా వాకబు చేసి, చివరికి ఏ షటిల్ కోర్టులోనో తేలతారు. ఇన్ని అమెరికా కంపెనీలు దిగిన చోటికి ఆ ఆట ఎందుకు దిగలేదు?

రాకెట్‌బాల్ కోర్టు అంటే నలువైపులా మూసిన గది. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గోడలే కాదు, పైకప్పుకు కొట్టినా చెల్లుతుంది. 1950లో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌లో జో సోబెక్ ఈ ఆటకు రూపమిచ్చాడు. అందుకోసం కొత్త కోర్టులేమీ కట్టలేదు. వైఎంసీఏల్లో హ్యాండ్‌బాల్ కోసం కట్టిన గదులు అప్పటికే ఊరూరా ఉన్నాయి. కొత్త ఆట వాటిలోనే కాపురం పెట్టింది. ఆసియాలోనూ అంతే. జపాన్, దక్షిణ కొరియాల్లోని అమెరికా సైనిక స్థావరాల జిమ్‌లలో ఈ కోర్టులుంటాయి. 2010 ప్రపంచ పోటీలు జరిగింది కూడా సియోల్‌లోనే.

మన దగ్గరికి అమెరికా సైన్యం రాలేదు. వచ్చింది ఇంగ్లిషు కంటోన్మెంటు. దాని వెంట 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్ లాంటివీ, స్క్వాష్ కోర్టులూ వచ్చాయి. స్క్వాష్ గది 32 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు. ముందు గోడ అడుగున రేకు పట్టీ ఉంటుంది. బంతి దానికి తగిలినా, కప్పుకు తగిలినా పాయింటు పోయినట్టే. చూపుకి చుట్టమే గానీ, ఆ గదిలో రాకెట్‌బాల్ ఇమడదు.

ఇక మన ఊళ్లకు గోడలతో పనేముంది? ఉన్ని బంతి, రెండు గుంజలు, ఓ వల ఉంటే చాలు, బాల్ బ్యాడ్మింటన్ మొదలయ్యేది. 1970లో ఆ ఆటకు అర్జున అవార్డు తెచ్చిన పిచ్చయ్య వరంగల్ వారే. చేతిలో రాకెట్, మధ్యలో వల, కింద గీతలు. షటిల్ వచ్చేనాటికి ఆ అలవాటు మనకు ఉండనే ఉంది.

హైటెక్ సిటీ చరిత్ర దానికి తోడైంది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలి రాళ్ల మధ్య స్టేడియాలు లేచాయి. గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి మరీ కట్టిన అకాడమీ 2008లో తలుపులు తెరిచింది. ఏడాది తిరిగేసరికి ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగాయి. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం. ఇక ఈ చుట్టుపక్కల ఖాళీ స్థలంలో ఏ ఆటకు షెడ్డు వేయాలో ఎవరూ తర్జనభర్జన పడాల్సిన పని లేకపోయింది.

ఆ షెడ్డు లోపలికి తొంగిచూడండి. ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, నేల మీద ఆకుపచ్చ మ్యాట్. మే నెలలో లోపల ఉడికిపోతున్నా ఫ్యాన్ వేయరు. గాలికి షటిల్ పక్కకు పోతుంది. ఒక జట్టు స్లాట్ అయిపోకముందే తర్వాతి జట్టు గేటు దగ్గర బూట్లు మార్చుకుంటూ ఉంటుంది. లీజు ముగిస్తే బోల్టులు విప్పి స్తంభాలను ఇంకోచోటికి తరలించవచ్చు. రాకెట్‌బాల్ గదిని అలా విప్పడం కుదరదు. బంతి దెబ్బకు చలించని గోడలు కట్టాలి, ఆ గదిలో ఒకేసారి ఇద్దరు, మహా అయితే నలుగురు ఆడాలి. అద్దె స్థలంలో ఆ లెక్క గిట్టదు.

అమెరికా ఆటలంటే మనకు పడదనుకోకండి. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టిన పికిల్‌బాల్ ఇప్పుడు ఇక్కడ జోరుగా సాగుతోంది. దాని కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. సరిగ్గా షటిల్ డబుల్స్ కోర్టు కొలతే. ఉన్న గీతల మీదే వల కాస్త దించితే కొత్త ఆట తయారు. ఒక ఆట ఒక ఊరికి రావాలంటే దానికి సరిపడే చోటు ముందే సిద్ధంగా ఉండాలి.

అటక మీది రాకెట్‌ను మాత్రం పారేయకండి. బ్రిటన్‌లో 1976లో రూపుదిద్దుకున్న ‘రాకెట్‌బాల్’ వేరే ఆట. స్క్వాష్ కోర్టులోనే ఆడతారు. 2016లో దాని పేరు ‘స్క్వాష్ 57’గా మార్చారు. ఆ 57 బంతి వ్యాసం, మిల్లీమీటర్లలో. మీరు అమెరికాలో ఆడిన బంతి కొలతా అదే. దగ్గర్లో స్క్వాష్ కోర్టు ఉంటే ఆ బంతి పట్టుకెళ్లి అడిగి చూడండి. కప్పుకు మాత్రం కొట్టకండి, పాయింటు పోతుంది.